ఉగాండా వెళ్లి రావడానికి ఎల్లో ఫీవర్ టీకా: హనుమకొండ నుంచి నా అనుభవం

ల్యాబ్ పని మీద మూడు నెలలు ఉగాండా రాజధాని కంపాలా వెళ్లాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అక్కడి విమానాశ్రయం ఎంటెబేకు టికెట్టు. ఇలాంటి ప్రయాణంలో టికెట్టు కంటే ముందు చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. ఉగాండాలో దిగాలన్నా ఆ టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్టుగా ఇచ్చే పసుపు పుస్తకం కావాలి, తిరిగి శంషాబాద్‌లో దిగినప్పుడూ అదే చూపించాలి. మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు దీనితో పనిపడదు కాబట్టి చాలామందికి తెలియదు. ఆఫ్రికాలో పని దొరికినవాళ్లు చివరి వారంలో తెలుసుకుని ఉరుకులు పరుగులు పెడతారు. అప్పటికి టీకా వేయించుకున్నా లాభం ఉండదు. ఎందుకో కింద రాశాను.

నేను పోతున్నానని తెలిశాక మా వాడకట్టులో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఇమానంల కిటికీలు తెరువరు, మూడొందల మంది ఒక్క గాలే పీల్వాలె. ఒక్కనికి రోగముంటే అందరికి అంటదా అన్నా?" 2020లో దుబాయ్ నుంచి వచ్చినవాళ్ల చేతి మీద క్వారంటైన్ ముద్ర చూసి ఊళ్లకు ఊళ్లు తలుపులేసుకున్న రోజులు ఎవరూ మరిచిపోలేదు. ఆ ప్రశ్న తప్పుకాదు. కానీ విమానంలో రోగం ప్రయాణించే దారి జనం అనుకునేది ఒకటి, నిజంగా ఉన్నది మరొకటి.

ముందు టీకా సంగతి. ఎల్లో ఫీవర్ వైరస్ మనిషి నుంచి మనిషికి గాలిలో అంటదు. ఏడిస్ ఈజిప్టై దోమ మోస్తుంది. మనకు డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఆ దోమే. మన దేశంలో ఎల్లో ఫీవర్ ఇంతవరకు రాలేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం వరంగల్‌లో ప్రతి కూలర్‌లో, పాత టైరులో, డాబా మీది డ్రమ్ములో ఉంది. కాబట్టి వైరస్‌ను రక్తంలో మోసుకుని ఒక మనిషి దిగితే చాలు, మిగతా ఏర్పాట్లన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నట్టే. ఇది ఊహ కాదు. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు అక్కడ పనిచేసి వెళ్లిన 11 మంది చైనా కార్మికులు ఆ జ్వరంతో తమ దేశంలో దిగారు. ఆసియాలో ఆ జబ్బు కనిపించడం అదే మొదలు. విమానం గురించి భయపడాల్సింది ఏమైనా ఉంటే ఇక్కడ ఉంది. పక్క సీటువాడి తుమ్ము కంటే టీకా లేని మనిషి రక్తం పెద్ద సంగతి.

మన దేశపు నియమం కఠినంగా ఉండటానికి కారణం ఇదే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరిన 6 రోజుల లోపల చెల్లే సర్టిఫికెట్టు లేకుండా ఇక్కడ దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఆరు రోజులే ఎందుకంటే, కుట్టిన దోమ నుంచి వైరస్ ఒంట్లో చేరాక జ్వరం బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది. ఆరు దాటి బాగుంటే బాగున్నట్టే. అక్కడ నివాసం లేకుండా విమానం మారడానికి మాత్రమే ఆగి, విమానాశ్రయం దాటి బయటికి రానివాళ్లకు ఆరోగ్య అధికారి ఒప్పుకుంటే మినహాయింపు ఉంటుంది. దాన్ని నమ్ముకుని టికెట్టు కొనకండి.

ఈ టీకా హనుమకొండ మెడికల్ షాపుల్లో దొరకదు. ఒకచోట అడిగితే "కామెర్ల టీకానా?" అన్నారు. వాళ్లు చెప్పేది హెపటైటిస్ టీకా. పేరులో పసుపు ఉన్నా ఎల్లో ఫీవర్ వేరు, పచ్చకామెర్లు వేరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే దీన్ని వేస్తారు, ఆ ముద్ర ఉన్న పుస్తకమే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అందరూ ఐపీఎం అనేది, అలాంటి కేంద్రం. నేను అక్కడికే వెళ్లాను. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, నడిచి సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్‌కు వెళ్తే, ఎంజీబీఎస్ వైపు పోయే రైలు నేరుగా నారాయణగూడలో దించుతుంది. బస్సులో వచ్చేవాళ్లు జేబీఎస్‌లో దిగినా అదే మెట్రో లైను.

బయల్దేరే ముందు ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో, ఎన్ని గంటలకు రావాలో, ఏ కాగితాలు కావాలో అడగండి. ఇలా అడగాల్సి రావడానికి కారణం టీకా సీసాలోనే ఉంది. టీకా పొడిగా వస్తుంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ద్రావణం కలిపాక 6 గంటల లోపల వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా డోసులు ఉంటాయి. ఒక్కరి కోసం సీసా తెరిస్తే మిగతా డోసులు నేలపాలు. అందుకే జనాన్ని ఒక పూట కూడేసి వేస్తారు. ఆలస్యంగా వెళ్లి "ఒక్కటే కదా మేడమ్, వేయండి" అని బతిమాలినా వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు.

నేను పట్టుకెళ్లినవి: అసలు పాస్‌పోర్టు, దాని జిరాక్స్, టికెట్టు, ఆధార్, రోజూ వేసుకునే మందుల చీటీ. చివరిది ముఖ్యం. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 17డి రకం అంటారు, 1930లలో మాక్స్ థైలర్ బృందం తయారుచేసింది, ఆ పనికే ఆయనకు 1951లో నోబెల్ వచ్చింది. బతికున్న టీకా కాబట్టి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వేయకూడదు. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీతో రోగనిరోధక కణాలు బాగా తగ్గినవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి. టీకాను కోడిగుడ్డు పిండంలో పెంచుతారు, కనుక గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని స్థితి వచ్చేవాళ్లకు ఇది కుదరదు. 9 నెలల లోపు పిల్లలకు వేయరు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్పనిసరైతే తప్ప వేయరు. 60 దాటినవాళ్లకు మొదటి డోసుతో తీవ్రమైన దుష్ఫలితాల ప్రమాదం కొంచెం ఎక్కువ, డాక్టరుతో విడిగా మాట్లాడాలి. మన దగ్గర మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఊరి డాక్టరు ఇచ్చిన గోలీల్లో స్టెరాయిడ్ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. అందుకే మాత్రల షీట్లే పట్టుకెళ్లి చూపించండి. టీకా వేయకూడని పరిస్థితి ఉంటే డాక్టరు ఆ సంగతి పుస్తకంలో రాసి సంతకం చేస్తారు. అయితే దాన్ని ఒప్పుకోవాలా వద్దా అనేది దిగే దేశం ఇష్టం.

వేసేది అర మిల్లీలీటరు, భుజానికి, ఒక్కసారి. తర్వాత అరగంట కూర్చోబెట్టారు. నాకు రెండు రోజులు చెయ్యి లాగింది, ఐదో రోజు రాత్రి ఒంట్లో వెచ్చగా, ఒళ్లు నొప్పులుగా అనిపించింది, పారాసిటమాల్‌తో పోయింది. కొందరికి వారం దాటాక కూడా ఇలా వస్తుంది. ఎక్కువ జ్వరం, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, తీవ్రమైన తలనొప్పి ఉంటే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు, ఆస్పత్రికి వెళ్లి టీకా తేదీ చెప్పాలి. అది చాలా అరుదు. టీకా తర్వాత 28 రోజులు రక్తదానం చేయకూడదు. తట్టు, చికెన్‌పాక్స్ లాంటి మరో బతికున్న టీకా కావాలంటే అదే రోజు వేయించుకోవాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి.

సర్టిఫికెట్టు వేయించుకున్న రోజు నుంచి చెల్లదు, పది రోజుల తర్వాతే మొదలవుతుంది. జూన్ 3న వేస్తే జూన్ 13 నుంచి. ఒంట్లో రక్షణ తయారవడానికి ఆ గడువు కావాలి కాబట్టి దీన్ని డబ్బుతో, సిఫారసుతో తగ్గించుకోలేం. మొదలయ్యాక మాత్రం జీవితాంతం చెల్లుతుంది. ఇదివరకు పదేళ్లే ఉండేది, 2016 జూలై 11 నుంచి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో మార్చారు. పాత పుస్తకంలో పదేళ్లని రాసి ఉన్నా ఇప్పుడు జీవితాంతం కిందే లెక్క. నా సలహా, ప్రయాణానికి నెల ముందు వేయించుకోండి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఏమున్నా ఇంట్లోనే తేలిపోతాయి.

ఇప్పుడు ఆ పసుపు పుస్తకం గురించి. టీకా సూది కంటే ఎక్కువమంది దీని దగ్గరే దెబ్బతింటారు. కేంద్రం గడప దాటకముందే నిలబడి చదువుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకు ఎప్పుడూ ఉండేదే. పుట్టిన తేదీ, ఆడా మగా, జాతీయత, పాస్‌పోర్టు నంబరు, మీ సంతకం ఉండాలి. జబ్బు పేరు, టీకా వేసిన తేదీ, టీకా కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీ నుంచి చెల్లుతుందో, డాక్టరు చేతి సంతకం, కేంద్రం ముద్ర ఉండాలి. ముద్ర వేశాం కదా, సంతకం ఎందుకంటే కుదరదు, ఒకదాని బదులు మరొకటి చెల్లదు. తేదీలో నెలను అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే 03-06 అంటే ఒక దేశంలో జూన్ 3, మరో దేశంలో మార్చి 6. పుస్తకాన్ని ఇంగ్లీషులో గాని ఫ్రెంచిలో గాని నింపాలి. చదువురానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు, అది ఫలానా వ్యక్తిదేనని ఇంకొకరు పక్కన రాయాలి. పిల్లలకు తల్లిదండ్రులు సంతకం చేస్తారు.

కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు ఉంటే సర్టిఫికెట్టు చెల్లకపోవచ్చని నియమమే ఉంది. శంషాబాద్‌లో చెక్-ఇన్ లైనులో నా ముందున్న జగిత్యాల తమ్ముడి పుస్తకంలో తేదీ మీద తేదీ దిద్ది ఉంది, బ్యాచ్ నంబరు గడి ఖాళీ. వేరే ఊరిలో వేయించుకున్నాడు. కౌంటరు అమ్మాయి పుస్తకం తిరగేసి చూసి పక్కకు నిలబడమంది. ఆయన ఆ రోజు ఎక్కలేకపోయాడు. టీకా నిజంగా వేయించుకున్న మనిషే. అయినా వేసిన కేంద్రానికే తిరిగిపోయి, రిజిస్టరు తీయించి, కొత్త పుస్తకం రాయించుకోవాల్సి వచ్చింది. తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా అక్కడికక్కడే కొత్త పుస్తకం అడగండి. దిద్దుతామంటే ఒప్పుకోకండి. పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలోనే ఉంచండి, లోపలికి వేసే సూట్‌కేసులో పెడితే ఎంటెబేలో దిగాక సామాను రాకముందే ఆరోగ్య కౌంటరు ఎదురవుతుంది.

ఇక విమానం గాలి. పెద్ద జెట్ విమానాల్లో లోపలి గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. సుమారు సగం బయటి నుంచి వచ్చే కొత్త గాలి, మిగతా సగం హెపా ఫిల్టర్ల గుండా వడపోసి తిరిగి వదిలేది. 0.3 మైక్రాన్ల సైజు కణాల్లో 99.97 శాతాన్ని ఆ ఫిల్టరు పట్టేస్తుంది. గాలి పైనుంచి వచ్చి అదే వరుసలో కిందికి, గోడ వారగా నేల దగ్గర బయటికి పోతుంది. విమానం తల నుంచి తోక దాకా పారదు. కాబట్టి "మూడొందల మంది ఒక్క గాలే" అన్నది సరికాదు.

కానీ ప్రమాదమే లేదనుకోకూడదు. ఫిల్టరు దాకా చేరకముందే పక్కవాడి దగ్గు మీ ముక్కులోకి రావచ్చు. క్షయ విషయంలో 8 గంటలు దాటిన ప్రయాణంలో రోగి వరుసలో, ముందు రెండు, వెనక రెండు వరుసల్లో ఉన్నవాళ్లను వెతికి పరీక్షిస్తారు. ఆ రెండు వరుసల లెక్క కూడా ప్రతిసారీ నిలవదు. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో సార్స్ రోగి ఒకరు ఎక్కితే, 120 మందిలో 22 మందికి జబ్బు వచ్చింది, వాళ్లలో ఏడు వరుసల ముందు కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 2020 మార్చిలో లండన్ నుంచి హనోయి వెళ్లిన పది గంటల ప్రయాణంలో బిజినెస్ క్లాసులో కూర్చున్న ఒక్కరి నుంచి కోవిడ్ పాకింది, ఎక్కువగా ఆ క్లాసులోవాళ్లకే.

అన్నిటికంటే నేర్చుకోదగ్గది 1977లో అలాస్కాలో జరిగింది. ఇంజిన్ పాడై విమానం నేల మీదే ఆగిపోయింది, మూడు గంటల పాటు గాలి యంత్రం పనిచేయలేదు. లోపల ఫ్లూ జ్వరంతో ఒకరున్నారు. మూడు రోజుల్లో 54 మందిలో 72 శాతం మంది పడకేశారు. అంటే ప్రమాదం ఎగిరే వేళ కంటే నిలబడిన వేళే ఎక్కువ. గేటు దగ్గర లైను, విమానం దాకా తీసుకెళ్లే బస్సు, తలుపు మూశాక ఇంజిన్ మొదలయ్యే ముందు నిమిషాలు, దిగేటప్పుడు నడవాలో తోపులాట. నేను మాస్కు ఆ వేళల్లో తీయలేదు. కూర్చున్నాక తల మీది గాలి నాజిల్ తెరిచి ముఖం ముందు నుంచి పడేలా తిప్పుకున్నాను. చల్లగా ఉందని చాలామంది దాన్ని మూసేస్తారు. అది మూయొద్దు, శాలువా కప్పుకోండి.

ఎంటెబేలో తిరుగు విమానం ఎక్కాక సిబ్బంది నడవాలో స్ప్రే చల్లుకుంటూ వచ్చారు. అది గాలిలో క్రిములను చంపే మందు కాదు, దోమల మందు. డి-ఫెనోత్రిన్, పర్మెత్రిన్ లాంటివి 2 శాతం కలిపి వాడతారు. విమానంలో దోమ ఎక్కి మన ఊళ్లో దిగకూడదని. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే సిబ్బందికి చెప్పి, రుమాలు అడ్డం పెట్టుకుంటే సరిపోతుంది.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్‌కు ముందే ఆరోగ్య విభాగం కౌంటరు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎప్పుడు బయల్దేరారు అని అడిగి పుస్తకం చూసి పంపించారు. దుబాయ్ నుంచే కదా వచ్చింది అని ఉగాండా సంగతి దాచేవాళ్లున్నారు. అలా చేయకండి. పాస్‌పోర్టు ముద్రలో ఎలాగూ తెలిసిపోతుంది.

జ్వరం కొలిచే యంత్రాన్ని చూసి ధైర్యపడటం, భయపడటం రెండూ దండగ. అది ఆ నిమిషంలో జ్వరం ఉన్నవాణ్నే పడుతుంది. పారాసిటమాల్ వేసుకున్నవాడు దాటిపోతాడు, రేపు జ్వరం రాబోయేవాడూ దాటిపోతాడు. 2020 మార్చి 2న తెలంగాణలో బయటపడిన మొదటి కోవిడ్ కేసు దుబాయ్ నుంచి బెంగళూరులో దిగి, అక్కడి నుంచి బస్సులో హైదరాబాద్ చేరిన మనిషిది. అప్పటికే విమానాశ్రయాల్లో చూస్తూనే ఉన్నారు. రోగం వలలో పడాల్సింది ఇంటికి చేరాక, మనం నోరు విప్పి చెప్పినప్పుడే.

ఇంటికొచ్చాక వాడకట్టు భయం ఎబోలా గురించి. ఉగాండాలో 2022 సెప్టెంబరులో ఒకసారి, 2025 జనవరిలో మరోసారి బయటపడిన మాట నిజం. నేను వెళ్లేనాటికి రెండోదీ ముగిసింది. చివరి రోగి తర్వాత 42 రోజులు, అంటే ఎబోలా ఒంట్లో చేరాక బయటపడటానికి పట్టే గరిష్ఠ గడువు 21 రోజులకు రెట్టింపు, ఒక్క కేసూ లేకపోతేనే ముగిసిందని ప్రకటిస్తారు. ఎబోలా ఊపిరితో అంటదు. జబ్బు లక్షణాలు మొదలైన మనిషి రక్తం, వాంతి, విరేచనం, చెమట తగిలితే అంటుతుంది. బాగున్న మనిషి నుంచి రాదు. పక్కింటి చిన్నమ్మ "నీతోని చాయ్ తాగొచ్చా బిడ్డా?" అంటే ఇదే చెప్పి గ్లాసు అందించాను, తాగింది. 2022 జూలైలో కువైట్ నుంచి కామారెడ్డి వచ్చిన ఒకరికి ఒంటి మీద పొక్కులు లేస్తే మంకీపాక్స్ అని రాష్ట్రమంతా అదిరిపడింది. ఫీవర్ ఆస్పత్రికి తీసుకెళ్లి, పుణెలో పరీక్ష చేయిస్తే కాదని తేలింది. ఆయన వచ్చి చూపించుకున్నాడు కాబట్టే తేలింది. వెలివేస్తారని భయపడి ఇంట్లో దాక్కుంటే, అది నిజంగా మంకీపాక్స్ అయ్యుంటే ఏమయ్యేది?

నన్నడిగితే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు భయపడాల్సింది మలేరియాకు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, రోజుల్లో ప్రాణం తీస్తుంది. దోమ కుట్టిన వారం నుంచి మొదలుకొని నెల దాకా, ఒక్కోసారి మూడు నెలల దాకా జ్వరం రావచ్చు. ఈ గడువులో ఏ జ్వరం వచ్చినా, జలుబే అనిపించినా, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో చూపించుకున్నా, ఊరి పీహెచ్‌సీలో చూపించుకున్నా నోటివెంట వచ్చే మొదటి మాట "ఉగాండా నుంచి ఫలానా తేదీన వచ్చాను" అని ఉండాలి. చెప్పకపోతే వానాకాలంలో వైరల్ జ్వరమనో డెంగీ అనో అనుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. మొదటి స్మియర్‌లో, అంటే గాజు స్లైడు మీద పూసి చూసే రక్తపు చుక్కలో, మలేరియా పరాన్నజీవి కనపడకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ, మొత్తం మూడుసార్లు చూడాలి. ల్యాబ్‌లో కూర్చునేవాడిగా చెబుతున్నాను, మొదటి స్లైడులో దొరకనిది మూడోదాంట్లో దొరుకుతుంది.

డాక్టరు నాకు రాసింది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. బయల్దేరే రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ వేసుకుని, తిరిగొచ్చాక మరో 28 రోజులు. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, పడుకుంటే గొంతు గొట్టంలో పుండు పడుతుంది. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. గర్భిణులకు, చిన్న పిల్లలకు ఇది కాదు, వేరే మందు రాస్తారు. ఇల్లు చేరాక "ఇంకేం దోమలు" అని మాత్రలు ఆపేసేవాళ్లే ఎక్కువ. పరాన్నజీవి అప్పటికి కాలేయంలో ఉండొచ్చు, అక్కడ దాని మీద ఈ మందు ప్రభావం తక్కువ, రక్తంలోకి దిగినప్పుడే గట్టిగా పనిచేస్తుంది. ఆ 28 రోజులు అందుకే.

ఇంకొక్కటి. పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది వస్తే టీకా పుస్తకంలో పాత నంబరే ఉంటుంది. పాత పాస్‌పోర్టును పారేయకుండా కొత్తదానికి జతచేసి, మధ్యలో పసుపు పుస్తకం పెట్టి, మూడూ కలిపి రబ్బరు బ్యాండు వేసి దాచుకోండి.